జర్మన్ ప్రిపొజిషన్లు: ఇన్, అన్, ఔఫ్, నాఖ్, త్సు... తెలుగువాళ్ళు ఏది ఎక్కడ వాడాలో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న | మారతహళ్ళి_బీ1

నమస్కారమండీ. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ జర్మన్ నేర్చుకుంటున్నాను. ఏ2 స్థాయి అయింది, ఇప్పుడు తర్వాతి స్థాయి బీ1కి చదువుతున్నాను. మాటలు గుర్తుంటున్నాయి, క్రియల రూపాలూ బాగానే పట్టుబడ్డాయి. దిద్దిన కాగితం చేతికొచ్చేసరికి మాత్రం ఎర్రగీతలన్నీ ప్రిపొజిషన్ల కిందే ఉంటున్నాయి.

క్లాసులో చెప్పిన సూత్రం ఇది: కదలిక ఉంటే అక్యుజేటివ్ విభక్తి (డేన్, డీ, డస్), లేకపోతే డేటివ్ విభక్తి (డేమ్, డేర్, డేమ్). మరి "ఇష్ గేయె త్సుమ్ ఆర్ట్స్ట్", అంటే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను అన్నప్పుడు కదలిక ఉంది కదా, అక్కడ డేటివ్ ఎందుకొచ్చింది?

తప్పు పడిన వాక్యాలు ఇవి:

బస్సు కోసం చూస్తున్నాను: "ఇష్ వార్టె ఫ్యూర్ డేన్ బుస్"
బొమ్మ గోడ మీద ఉంది: "డస్ బిల్ట్ హెంగ్ట్ ఔఫ్ డేర్ వంట్"
పుస్తకం బల్ల మీద పెడుతున్నాను: "ఇష్ లేగె డస్ బూఖ్ ఔఫ్ డేమ్ టిష్"
రెండు రోజుల తర్వాత వస్తాను: "ఇష్ కొమ్మె నాఖ్ త్స్వై టాగెన్"

జాబితాలు బట్టీ పట్టడం తప్ప వేరే దారి ఏదైనా ఉందా?

---

విభక్తిప్రియ

ముందు ఆ సూత్రం సంగతి చూద్దాం. అది అబద్ధం కాదు గానీ తొమ్మిదింటికే వర్తిస్తుంది: ఇన్ (లో), అన్ (ఆనుకుని), ఔఫ్ (మీద), ఊబర్ (పైన), ఉంటర్ (కింద), ఫోర్ (ముందు), హింటర్ (వెనక), నేబెన్ (పక్కన), త్స్విషెన్ (మధ్య). రెండు విభక్తులతోనూ వచ్చేవి ఇవే. ఔస్, బై, మిట్, నాఖ్, జైట్, ఫొన్, త్సు అనే ఏడూ ఎప్పుడూ డేటివే, మీరు నడిచినా పరిగెత్తినా. డుర్ష్, ఫ్యూర్, గేగెన్, ఓనె, ఉమ్ ఎప్పుడూ అక్యుజేటివే. డాక్టరు వాక్యంలో ఉన్నది త్సు (త్సు, డేమ్ కలిస్తే త్సుమ్) కాబట్టి అక్కడ కదలిక ఉందా లేదా అని అడగనే అక్కర్లేదు. ఈ ఏడూ ఐదూ మాత్రం బట్టీ పట్టాల్సిందే, ఒక పూటలో అయిపోయే పని.

మిగిలిన తొమ్మిదింటికి తెలుగులోనే మంచి పరీక్ష ఉంది. ఇంగ్లీషు మీదుగా ఆలోచించేవాళ్ళకు అది కనబడదు. గదిలో, గదిలోకి. మంచం కింద, మంచం కిందికి. తలుపు వెనక, తలుపు వెనక్కి. చోటు చెప్పే మాటకు "కి" చేరిందంటే జర్మన్‌లో అక్యుజేటివ్, చేరకపోతే డేటివ్.

"కదలిక" అన్న మాట ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో చూడండి. కబ్బన్ పార్కులో పరిగెత్తుతున్నాడు అంటే "ఎర్ లాయిఫ్ట్ ఇమ్ కబ్బన్ పార్క్". డేటివ్ (ఇన్, డేమ్ కలిస్తే ఇమ్; అలాగే అన్, డేమ్ కలిస్తే అమ్). కబ్బన్ పార్కులోకి పరిగెత్తుతున్నాడు అంటే "ఎర్ లాయిఫ్ట్ ఇన్ డేన్ కబ్బన్ పార్క్". అక్యుజేటివ్. రెంటిలోనూ కాళ్ళు కదులుతూనే ఉన్నాయి. రెండో దాంట్లో బయట ఉన్న మనిషి గేటు దాటి లోపలివాడవుతున్నాడు, జర్మన్ పట్టించుకునేది ఆ దాటడాన్నే.

ఈ పరీక్ష రెండు చోట్ల దెబ్బతింటుంది. మీ బల్ల వాక్యం అందులో మొదటిది.

పెట్టడం, వేయడం, తగిలించడం లాంటి క్రియలతో మనం "కి" వదిలేస్తాం. బల్ల మీద పెట్టు అంటాం, బల్ల మీదికి పెట్టు అనం. ఫ్రిజ్‌లో పెట్టు, సంచిలో వేయి, గోడ మీద తగిలించు. తెలుగులో "లోకి" వినబడదు కాబట్టి చెయ్యి తనంతట తానే డేటివ్ రాసేస్తుంది. ఇక్కడ ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ పని మొదలవకముందు ఆ వస్తువు అక్కడ ఉందా? లేదంటే అక్యుజేటివ్. కాబట్టి "ఇష్ లేగె డస్ బూఖ్ ఔఫ్ డేన్ టిష్". పెట్టడం అయిపోయాక "డస్ బూఖ్ లీగ్ట్ ఔఫ్ డేమ్ టిష్".

క్రియను చూసి కూడా సరిచూసుకోవచ్చు. లేగెన్, ష్టెలెన్, జెట్సెన్ పెట్టే క్రియలు, వీటికి అక్యుజేటివ్. లీగెన్, ష్టేయెన్, జిట్సెన్ ఉండే క్రియలు, వీటికి డేటివ్. హెంగెన్ రెండు పనులూ చేస్తుంది. భూతకాలంలో తేడా ఇంకా స్పష్టం: గెలేగ్ట్, గెష్టెల్ట్, గెజెట్స్ట్, గెహెంగ్ట్ అని "ట్"తో ముగిస్తే అక్యుజేటివ్, గెలేగెన్, గెష్టండెన్, గెజెసెన్, గెహంగెన్ అని "ఎన్"తో ముగిస్తే డేటివ్.

కూర్చోవడం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. "కూర్చున్నాడు" అంటే ఇప్పుడే కూలబడ్డాడనీ అర్థమే, కూర్చుని ఉన్నాడనీ అర్థమే. జర్మన్‌లో అవి రెండు వేర్వేరు వాక్యాలు: "ఎర్ జెట్స్ట్ జిష్ ఔఫ్ డేన్ ష్టూల్", "ఎర్ జిట్స్ట్ ఔఫ్ డేమ్ ష్టూల్". మనం కుర్చీలో అంటాం గానీ మామూలు కుర్చీకి ఔఫ్ రావాలి. చేతులున్న మెత్తటి సోఫాకుర్చీ, జెసెల్, దానికైతే ఇన్.

పరీక్ష దెబ్బతినే రెండో చోటు "చేరడం". చెన్నైకి చేరాను అంటాం, "కి" ఉంది. కానీ అన్‌కొమెన్ అనే క్రియ డేటివ్ అడుగుతుంది: "ఇష్ బిన్ ఇన్ చెన్నై అన్‌గెకొమెన్", "ఇష్ కొమ్మె అమ్ బాన్‌హోఫ్ అన్". ఇక్కడ నాఖ్ చెన్నై అని రాసేవాళ్ళు చాలామంది.

ఇంకో మాట. డేటివ్ అనగానే బళ్ళో వల్లించిన "కొఱకున్, కై" చతుర్థిని పట్టుకోకండి. మనకు అసలు పనికొచ్చే కి, కు ఆ పట్టికలో షష్ఠిలో ఉన్నాయి.

---

సీఎంహెచ్_రోడ్

పైన చెప్పింది విభక్తి గురించి. అసలు ఏ మాట ఎంచుకోవాలన్నది వేరే ప్రశ్న, తెలుగువాళ్ళు అక్కడ ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటారు. కారణం, మన మాట ఒకటి వాళ్ళ మాటలు మూడు నాలుగింటి పని చేస్తుంది.

"మీద" తీసుకోండి. బల్ల మీద గ్లాసు, గోడ మీద బొమ్మ, నెత్తి మీద ఫ్యాను. జర్మన్‌లో మూడూ వేరు. పైభాగాన ఆనుకుని, బరువు దాని మీద మోపి ఉంటే ఔఫ్. పక్కనో అంచునో అంటుకుని ఉంటే అన్. తగలకుండా పైన ఉంటే ఊబర్. అందుకే మీ బొమ్మ "అన్ డేర్ వంట్". సీలింగుకి వేలాడే దీపం కూడా "అన్ డేర్ డెకె", ఎందుకంటే అది కప్పును అంటుకుని ఉంది. అదే దీపం భోజనాల బల్లకు మాత్రం "ఊబర్ డేమ్ టిష్". మనం బల్ల దగ్గర కూర్చుంటే "అమ్ టిష్", కిటికీ దగ్గర నిలబడితే "అమ్ ఫెన్‌స్టర్". ఔఫ్ డేమ్ టిష్ కూర్చున్నానంటే నిజంగా బల్ల ఎక్కి కూర్చున్నట్టే.

"లో" సంగతి కూడా అంతే. బస్సులో వచ్చాను అన్నప్పుడు బస్సు వాహనం, కాబట్టి "మిట్ డేమ్ బుస్". బస్సులో ఫోను మర్చిపోయాను అన్నప్పుడు అది చోటు, కాబట్టి "ఇమ్ బుస్". ఫలానా కంపెనీలో పనిచేస్తున్నాను అని పేరు చెబితే బై: "ఇష్ ఆర్బైటె బై బాష్". పేరు చెప్పకుండా ఒక కంపెనీలో అంటే "ఇన్ ఐనర్ ఫిర్మా" సరిపోతుంది.

ఇక వెళ్ళే చోటికి చేర్చే "కి". దీన్ని ఒక్కదాన్నే నేర్చుకోకండి. ఎక్కడికి, ఎక్కడ, ఎక్కడినుంచి అనే మూడూ కలిపి ఒకే ముక్కగా నోటికి పట్టించండి.

ఊరు, ఆర్టికల్ (పేరు ముందు వచ్చే డేర్, డీ, డస్) లేని దేశం: నాఖ్, ఇన్, ఔస్. నాఖ్ మైసూరు, ఇన్ మైసూరు, ఔస్ మైసూరు.
ఆర్టికల్ ఉన్న దేశం, ఉదాహరణకు స్విట్జర్లాండ్: ఇన్ డీ ష్వైట్స్, ఇన్ డేర్ ష్వైట్స్, ఔస్ డేర్ ష్వైట్స్. టర్కీ, అమెరికా కూడా ఈ కోవలోవే. "నాఖ్ ష్వైట్స్" అని రాస్తే తప్పు.
మనిషి: త్సుమ్ ఆర్ట్స్ట్, బైమ్ ఆర్ట్స్ట్, ఫొమ్ ఆర్ట్స్ట్.
నాలుగు గోడల చోటు, ఉదాహరణకు సినిమా హాలు: ఇన్స్ కీనో, ఇమ్ కీనో, ఔస్ డేమ్ కీనో.
అంచు, ఒడ్డు: అన్ డేన్ ష్ట్రంట్, అమ్ ష్ట్రంట్, ఫొమ్ ష్ట్రంట్. మెరీనా బీచ్‌కి వెళ్ళడమంటే ఇదే.
బయలు, సంత: ఔఫ్ డేన్ మార్క్ట్, ఔఫ్ డేమ్ మార్క్ట్, ఫొమ్ మార్క్ట్.
ఇల్లు: నాఖ్ హౌజె, త్సు హౌజె, ఫొన్ త్సు హౌజె. దీనికి కారణం వెతకొద్దు, ఉన్నదున్నట్టు నేర్చుకోవడమే.

ఇలా నేర్చుకుంటే "నుంచి" విడిగా నేర్చుకునే పని తప్పుతుంది. లోపలికి ఇన్‌తో వెళ్ళారా, బయటికి ఔస్‌తో వస్తారు. అన్, ఔఫ్, త్సు వేటితో వెళ్ళినా ఫొన్‌తో తిరిగొస్తారు. ఊళ్ళ దగ్గర ఒక్కటి చూసుకోవాలి: సొంతూరు చెప్పేటప్పుడు ఔస్, ప్రయాణం మొదలైన చోటు చెప్పేటప్పుడు ఫొన్. "ఇష్ కొమ్మె ఔస్ గుంటూర్", "ఇష్ ఫారె ఫొన్ బెంగళూరు నాఖ్ చెన్నై".

బ్యాంకు, సూపర్‌మార్కెట్ లాంటి చోట్లకు త్సు, ఇన్ రెండూ చెల్లుతాయి. ఆ చోటిదాకా వెళ్ళడం మీద దృష్టి ఉంటే త్సు, లోపలికెళ్ళడం మీద ఉంటే ఇన్. పరీక్షలో ఏది రాసినా తప్పు కాదు, ఆర్టికల్ సరిగ్గా ఉంటే. చాలాసార్లు ఎర్రగీత ప్రిపొజిషన్‌ది కాదండీ, నామవాచకం లింగం తెలియక రాసిన డేమ్, డేర్‌ది. మీ కాగితాలు మళ్ళీ ఒకసారి ఆ కంటితో చూడండి. తప్పు మాటదా, ఆర్టికల్‌దా అని రెండు రంగుల్లో గుర్తుపెడితే మీరు దేని మీద పనిచేయాలో తెలుస్తుంది.

---

అడయార్_రీడర్

కాలం గురించి ఎవరూ చెప్పలేదు, అది చెబుతాను.

గంటకు ఉమ్, రోజుకు అమ్, నెలకు ఇమ్: ఉమ్ 8 ఊర్, అమ్ మోంటాగ్, ఇమ్ మై. పొద్దున, సాయంత్రం కూడా అమ్. రాత్రి ఒక్కటే "ఇన్ డేర్ నఖ్ట్". సంవత్సరానికి ఏమీ వద్దు, ఉత్త 2026 అని రాయాలి, లేకపోతే "ఇమ్ యార్ 2026". అంకె ముందు ఇన్ ఒక్కటే పెట్టడం ఇంగ్లీషు నుంచి వచ్చే అలవాటు.

"రెండేళ్ళ నుంచి బెంగళూరులో ఉంటున్నాను" అనే వాక్యం తెలుగు నుంచి నేరుగా జర్మన్‌లోకి దిగుతుంది: "ఇష్ వోనె జైట్ త్స్వై యారెన్ ఇన్ బెంగళూరు". మనదీ వర్తమానమే, వాళ్ళదీ వర్తమానమే. ఇంగ్లీషు మధ్యలో దూరితేనే "హాబె గెవోన్ట్" అని భూతకాలంలో రాస్తారు, దాంతో అర్థం చెడుతుంది. రెండేళ్ళ కిందట అంటే "ఫోర్ త్స్వై యారెన్". వచ్చే సోమవారం నుంచి అంటే జైట్ కాదు, "అప్ మోంటాగ్". జైట్ ఇప్పటికే మొదలైనదానికే.

మీ నాలుగో వాక్యం. ఇప్పటినుంచి లెక్కపెట్టి రెండు రోజుల తర్వాత అంటే "ఇన్ త్స్వై టాగెన్". నాఖ్ త్స్వై టాగెన్ అనేది కథ చెప్పేటప్పుడు వస్తుంది: ఆసుపత్రిలో చేరాడు, రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చాడు. మనకు రెండిటికీ "తర్వాత" ఒకటే కాబట్టి ఈ తప్పు చాలా గట్టిగా అతుక్కుంటుంది. పైగా "రెండు రోజుల్లో ఇస్తాను" అంటే మనకు ఆ లోపు అనే అర్థం కూడా ఉంది. జర్మన్ ఇన్‌కి అది లేదు. లోపు అని చెప్పాలంటే "ఇనర్‌హాల్ప్ ఫొన్ త్స్వై టాగెన్".

---

పదకోశం_ప్రేమి

మిగిలింది మీ బస్సు వాక్యం. అది చోటుకు సంబంధించింది కాదు, కాలానికీ కాదు. వార్టెన్ (ఎదురుచూడటం) అనే క్రియ ఔఫ్‌ని అడుగుతుంది, అంతే: "ఇష్ వార్టె ఔఫ్ డేన్ బుస్". విభక్తి మారి "ఔఫ్ డేమ్ బుస్" అయితే బస్సు టాపెక్కి ఎదురుచూస్తున్నారని అర్థం.

ఇలాంటి జతలకు తర్కం పెద్దగా పనిచేయదు, కానీ విభక్తిని ఊహించడానికి కొంత క్రమం ఉంది. క్రియతో జతకట్టిన ఊబర్ అక్యుజేటివ్‌తో వస్తుంది: ష్ప్రెషెన్ ఊబర్ (ఒకదాని గురించి మాట్లాడటం), జిష్ ఫ్రాయెన్ ఊబర్ (సంతోషించడం). ఔఫ్ కూడా చాలావరకు అక్యుజేటివే, కాకపోతే బెష్టేయెన్ ఔఫ్ (పట్టుబట్టడం), బెరూయెన్ ఔఫ్, బజీరెన్ ఔఫ్ (ఆధారపడి ఉండటం) లాంటివి డేటివ్. ఫోర్ వస్తే డేటివ్: అంగ్స్ట్ ఫోర్ డేమ్ హుంట్ (కుక్కంటే భయం). నిజంగా ఇబ్బంది పెట్టేది అన్. డెంకెన్ అన్ (తలచుకోవడం), జిష్ ఎరినెర్న్ అన్ (గుర్తుచేసుకోవడం), జిష్ గెవోనెన్ అన్ (అలవాటుపడటం), గ్లౌబెన్ అన్ (నమ్మకం ఉండటం) అక్యుజేటివ్. టైల్‌నేమెన్ అన్ (పాల్గొనడం), ఆర్బైటెన్ అన్ (ఒకదాని మీద పనిచేయడం), త్స్వైఫెల్న్ అన్ (అనుమానించడం), లైడెన్ అన్ (జబ్బుతో బాధపడటం) డేటివ్. మనసు దేని మీదికైనా మళ్ళే క్రియలు మొదటి గుంపులోకి, ఒక దాంట్లో ఉండి చేసేవి, అనుభవించేవి రెండో గుంపులోకి పడుతున్నాయి. కచ్చితమైన సూత్రమని చెప్పను గానీ గుర్తుపెట్టుకోవడానికి సాయపడుతుంది.

డూడెన్‌లోనో మరో మంచి నిఘంటువులోనో చూసేటప్పుడు ప్రిపొజిషన్ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే సంక్షిప్తాన్ని చదవండి. యెమాండెన్ (ఎవరినైనా) అనే మాటను కుదించి చివర "ఎన్" అక్షరంతో రాస్తే అక్యుజేటివ్. యెమాండెమ్ (ఎవరికైనా) అని "ఎమ్" అక్షరంతో ముగిస్తే డేటివ్. చాలామంది అర్థం చూసి పుట మూసేస్తారు, వాళ్ళకు కావాల్సింది ఆ ఒక్క అక్షరంలోనే ఉంటుంది.

కార్డులు రాసుకుంటే, ఒక వైపు క్రియ, మరో వైపు ప్రిపొజిషన్ అని రాయకండి. దాంతో వార్టెన్ అనగానే ఔఫ్ గుర్తొస్తుంది గానీ వాక్యంలో డేన్ రావాలో డేమ్ రావాలో రాదు. పూర్తి వాక్యం రాసి, ప్రిపొజిషన్‌నీ ఆర్టికల్‌నీ కలిపి ఖాళీ పెట్టండి. నామవాచకం పుంలింగమైతే మంచిది. స్త్రీలింగంలో డీ, డేర్ అని, నపుంసకంలో డస్, డేమ్ అని తేడా ఉన్నా, చెవికి దగ్గరగా ఉండి తికమక పెట్టేవి డేన్, డేమ్‌లే, వాటితోనే సాధన కావాలి. రోజుకు ఐదు కొత్త కార్డులు చాలు. జిష్ ఫ్రాయెన్ ఔఫ్, జిష్ ఫ్రాయెన్ ఊబర్ లాంటి జంటల్ని ఒకే రోజు కొత్తగా నేర్చుకోవద్దు, ఒకటి స్థిరపడ్డాక రెండోది. ఔఫ్ రాబోయేదానికి, ఊబర్ అందినదానికి.

ప్రశ్న అడిగే రూపం కూడా అదే కార్డు మీద రాయండి. వస్తువైతే "వోరౌఫ్ వార్టెస్ట్ డూ?", మనిషైతే "ఔఫ్ వేన్ వార్టెస్ట్ డూ?". బీ1 మాట్లాడే పరీక్షలో ఎదుటివాళ్ళను ప్రశ్న అడగాల్సి వస్తుంది, అప్పుడు ఇది నోటికి రావాలి. ఈ పరీక్ష పెట్టే గోథే సంస్థ వెబ్‌సైట్‌లో నమూనా ప్రశ్నపత్రాలు ఉచితంగా ఉన్నాయి. రాత భాగంలో గంటలో మూడు రాయాలి: రెండు సుమారు 80 మాటలవి, ఒకటి సుమారు 40 మాటలది. ముగించాక ఐదు నిమిషాలు మిగుల్చుకుని, వేరే ఏదీ చూడకుండా ప్రిపొజిషన్, దాని వెనక ఆర్టికల్ మాత్రమే వేలుపెట్టి చూసుకుంటూ పోండి.

---

విభక్తిప్రియ

పదకోశం గారి మాటకు ఒక చేర్పు. ప్రిపొజిషన్ అసలే అక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ తెలుగు మనకు పెద్ద అండ. నాకు నచ్చింది: "ఎస్ గెఫెల్ట్ మీర్". నాకు చలిగా ఉంది: "మీర్ ఇస్ట్ కాల్ట్". నీకు సాయం చేస్తాను: "ఇష్ హెల్ఫె డీర్". మన "కు" ఉన్నచోటే వాళ్ళ డేటివ్ ఉంది. తెలుగు మోసం చేసేవి రెండు గుర్తుంచుకోండి. నీకు ఫోన్ చేస్తాను అంటాం, కానీ అన్‌రూఫెన్‌కి అక్యుజేటివ్: "ఇష్ రూఫె డిష్ అన్". నిన్ను నమ్ముతాను అంటాం, కానీ గ్లౌబెన్‌కి డేటివ్: "ఇష్ గ్లౌబె డీర్".

---

మారతహళ్ళి_బీ1

చాలా చాలా థాంక్సండీ అందరికీ. కాగితాలు రెండు రంగుల్లో దిద్దుకుంటున్నాను. ఆఫీసు మెయిల్లో రాద్దామనుకున్న వాక్యాలు ఇవి, ఒకసారి చూసిపెడతారా?

రిపోర్టు మీకు శుక్రవారం లోపు పంపుతాను: "ఇష్ షికె డేన్ బెరిష్ట్ త్సు ఈనెన్ ఇన్ ఫ్రైటాగ్."
ఫైలు అటాచ్‌మెంట్‌లో ఉంది: "డీ డటై ఇస్ట్ ఇన్ డేన్ అన్‌హంగ్."
సోమవారం ఆ సమస్య గురించి మాట్లాడదాం: "వీర్ ష్ప్రెషెన్ అమ్ మోంటాగ్ ఊబర్ డేమ్ ప్రోబ్లేమ్."
పది గంటలకు మీకు ఫోన్ చేస్తాను: "ఇష్ రూఫె ఈనెన్ ఉమ్ 10 ఊర్ అన్."

---

సీఎంహెచ్_రోడ్

మొదటిది: మనిషికి పంపడం కాబట్టి త్సు వద్దు, ఉత్త డేటివ్ చాలు. "శుక్రవారం లోపు"కి బిస్ రావాలి. "ఇష్ షికె ఈనెన్ డేన్ బెరిష్ట్ బిస్ ఫ్రైటాగ్."

రెండోది: ఫైలు అక్కడ ఉంది, ఎక్కడికీ వెళ్ళడం లేదు. "డీ డటై ఇస్ట్ ఇమ్ అన్‌హంగ్."

మూడోది: అమ్ మోంటాగ్ సరిగ్గా ఉంది. ష్ప్రెషెన్ ఊబర్‌కి అక్యుజేటివ్, కాబట్టి "ఊబర్ డస్ ప్రోబ్లేమ్".

నాలుగోది: ఉమ్ 10 ఊర్ సరే, ఈనెన్ స్థానంలో జీ. "ఇష్ రూఫె జీ ఉమ్ 10 ఊర్ అన్."

బిస్ గురించి ఒకటి. బిస్ ఫ్రైటాగ్ అంటే మామూలుగా శుక్రవారం కూడా కలిసే ఉంటుంది, అయితే పొద్దున్నో సాయంత్రమో ఎదుటివాళ్ళకు తెలియదు. క్లయింటుకు రాసేటప్పుడు గంట కూడా పెట్టండి: "బిస్ ష్పేటెస్టెన్స్ ఫ్రైటాగ్, 12 ఊర్". తేదీ రాస్తే బిస్ తర్వాత త్సుమ్ చేర్చండి: "బిస్ త్సుమ్ 15. మై".